గట్టు మీది ఒట్టు

డ్రిల్లు సార్ సైకిల్ దిగి, చంకలకెల్లి నోటుబుక్కు తీసి, "లష్కరన్నా, నీ పేరు రాసుకోనా?" అన్నడు. నేను తూము షట్టరుకు గ్రీజు పెడుతున్న. చేతులు రెండూ మోచేతుల దాక నల్లగున్నయి.

"దేంట్లకు సార్?"

"మారథాన్‌ల."

"గదేంది, మరాఠోళ్లదా?" అన్న. తప్పు నాది కాదు. మా బాన్సువాడ అంగడికి అవతలి రాష్ట్రం కెల్లి అమ్మేటోళ్లు, కొనేటోళ్లు వస్తుంటరు, వాళ్ల మాటలు దినాం చెవుల పడుతయి. ఆ పేరు వినంగనే నాకు వాళ్లే యాదికొచ్చిన్రు. సార్ సైకిల్ హ్యాండిల్ మీద పడి నవ్విండు. నవ్వి నవ్వి కండ్లు తుడుసుకొని, "ఉరుకుడు అన్నా, ఉరుకుడు. నలభై రెండు కిలోమీటర్లు" అన్నడు.

నాకు కిలోమీటర్లు రావు. నేను నిజాంసాగర్ కాలువ మీద లష్కర్‌ని. పొద్దుగాల లేస్తే గట్టెంబడి నడుసుడు, తూములు చూసుడు, ఏడ నీళ్లు కారుతున్నయి, ఏడ గట్టు మెత్తబడ్డది అని కనిపెట్టుడు, గిదే నా కొలువు. సడక్ మీది రాళ్లు ఎప్పుడో కిలోమీటర్లకు మారినయి గానీ, మా గట్టు మీది మైలురాళ్ల జోలికి ఎవ్వడు రాలే. సార్ వేళ్ల మీద లెక్క కట్టి చెప్పిండు, ఇరవై ఆరు మైళ్లు అని. ఊరి వంతెన కాడ మొదలు, రాళ్ల లెక్క కూడ ఆడికెల్లే. గట్టు మీదికెల్లి నిజాంసాగర్ దిక్కు పదమూడో రాయి దాక పోవాలె, దాన్ని ముట్టి మళ్ల వంతెన కాడికి రావాలె. ఎక్కడెక్కడి పోరగాళ్లో వస్తరట.

"ఆ గట్టు మీద నీ అంత నడిసినోడు ఎవడున్నడన్నా? వచ్చే అంగడి నాటికి చెప్పు" అని సైకిలెక్కి పోయిండు.

ఇగ ఆ దినం నాకు పని మీద మనసు పట్టలే. ఎనభైల నడుమ సంగతి ఇది. ముప్పై మూడేండ్లోన్ని, ఇద్దరు పిల్లల తండ్రిని, అయినా లోపల ఏందో గంతులేసింది. ఉరుకుడంటె నాకు పానం. అది నాకు ఎవ్వరు నేర్పలే, నడుసుడు వచ్చిన నాటి కెల్లి ఉన్నది. సార్ అట్ల మలుపు తిరిగిండో లేదో, నేను మనసుల అప్పుడే మూడో రాయి దాటిన. గానీ పేరియ్యాలంటె నాకు రెండు అడ్డాలున్నయి. ఒకటి నా ఎడమ మోకాలు. రెండోది మా ఆమె తల.

మోకాలు సంగతి ముందు చెప్త. అరవై తొమ్మిదిల నేను పదిహేడేండ్ల పోరన్ని. ఆ ఏడు తెలంగాణ గొడవలకు బడులు సగం దినాలు బందే. బడి బందయితే మాకేం పని, చెరుకు బండ్ల ఎంబడి పడుడు. ఫ్యాక్టరీకి పోయే బండికెల్లి గడ గుంజుకొని, బండాయన తిట్లు వినుకుంట నముల్తుంటె, ఆ రుచి వేరే. అందరికంటె నేనే ముందు ఉరికేది. ఒకనాడు గడ నా చేతికొచ్చింది, నేను బండి కిందికి పోయిన. చక్రం మోకాలిని ఒరుసుకొని పోయింది. బండాయన ఎడ్లను ఆపి లబలబ మొత్తుకున్నడు. నేను కూడ ఏడ్చిన గానీ, గడ మాత్రం ఇడువలే. బడులు తెరిసినంక నన్ను జిల్లా పోటీలకు తోలుతమని అన్నరు. ఆ ముచ్చట అక్కడనే ఆగిపోయింది.

ఎముకలు కట్టే పహిల్వాన్ సాబ్ మజీదు వెనుక ఉంటుండె. కోడిగుడ్డు సొన రాసి, వెదురు బద్దలు పెట్టి, బట్ట పట్టీలు చుట్టి కట్టు కట్టిండు. "హిల్నా నై" అని, కదలద్దని వేలు చూపించిండు. నలభై దినాలు హిలలే. మోకాలు అతికింది గానీ జరంత వంకర అతికింది. వాన వచ్చేది మా ఊర్ల అందరికంటె ముందు నాకే ఎరుకైతది.

అటెంక లష్కర్ కొలువు దొరికింది, లగ్గమైంది. లగ్గమైన రెండో ఏడు, ఒక పొద్దుగాల ఒకాయన తన వంతు కాకుండనే తూమెత్తి నీళ్లు మలుపుకుంటుండు. నాకు కోపమొస్తే కండ్లు కనవడయి. "ఆగు బిడ్డా" అని ఎంబడి పడ్డ. ఆయన పిల్లకాలువ దుంకిండు, నేను కూడ దుంకిన. ఆయన అవతలి ఒడ్డున పడ్డడు, నేను నడుమ పడ్డ. కుడికాలి చీలమండ విరిగింది, పాత మోకాలు మళ్ల తిరిగింది. నీళ్లు మలుపుకున్నాయననే నన్ను భుజాన ఏసుకొని పహిల్వాన్ సాబ్ ఇంటికి మోసుకపోయిండు. ఇగ ఆయన మీద రిపోర్టు ఏమని రాయాలె? మీరే చెప్పున్రి.

మూడు నెలలు మంచంల పడ్డ. మా ఆమెకు అప్పుడు ఐదో నెల. గా కడుపు ముంగట చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, బీడీలు చుట్టుకుంట ఇల్లు నడిపింది. నేను వాకిట్లకు పోవాలన్నా నా చెయ్యి తన భుజం మీద ఏసుకొని తీసుకపోయేది. ఒక్కనాడు ఇసుక్కోలే. కట్టు ఇప్పిన నాడు మాత్రం చాట పక్కకు పెట్టి, నా చెయ్యి గుంజి తన తల మీద పెట్టుకున్నది. "ఇగ ఎప్పటికి ఉరకనని ఒట్టు పెట్టు" అన్నది. పరాచికమేమో అనుకొని మొఖం చూసిన. కండ్లల్ల నీళ్లున్నయి. "ఉరకను" అన్న.

మా దిక్కు ఒట్టంటె ఆట కాదు. ఎవరి తల మీద పెట్టి తప్పితే కీడు వాళ్లకే వస్తది. చిన్నపిల్లలైతే దానికి ఒక ఉపాయం చేస్తరు. పెట్టించుకున్న పిల్ల తన తల మీదికెల్లి చేత్తోని ఏందో తీసినట్టు తీసి, పక్కకు పెట్టి, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన" అంటది. అయిపాయె, ఒట్టు లేదు. గానీ గది పిల్లల ఆట. పెండ్లాం తల మీద పెట్టినదానికి గది నడుస్తదా?

నేను ఒట్టు మంచిగనే కాపాడిన. నడుసుడే కొలువు కాబట్టి పెద్ద కష్టం లేకుండె. ఒక్క బస్సు కాడనే తిప్పలు. బీర్కూర్ బస్సు నా ముంగటికెల్లి కదులుతుంటె, చెయ్యి ఊపుకుంట నిలబడేటోన్ని. కండక్టర్ "ఉరుకవయ్యా, ఏమైంది కాళ్లకు" అని ఒర్రేది. "ఒట్టున్నది" అని నేను ఒర్రేది. బస్సుల ఉన్నోళ్లందరు కిటికీలకెల్లి తలలు పెట్టి నవ్వేది. బస్సు పోయేది, నేను నడిసేది.

ఒక్కసారి తప్పిన. మారథాన్ ముచ్చటకు మూడేండ్ల ముందు, పెద్ద వానలప్పుడు, మద్యాన్నం ఐదో రాయి కాడ గట్టుకు బుంగ పడ్డది. నేను చూసినప్పుడు పిడికిలంత ఉన్నది. మట్టి తెచ్చి కప్పేలోపట కుండంత అయింది. గట్టు కింద క్యాంపోళ్ల వరి ఉన్నది, పొట్టకొచ్చిన వరి. క్యాంపు అంటె కోస్తా దిక్కుకెల్లి వచ్చి, కాలువ కింద భూములు కొనుక్కొని స్థిరపడ్డోళ్ల ఊరు. ఇగ నేనేం ఆలోచించలే. ఉరికిన. రెండు మైళ్లు ఆగకుంట ఉరికి క్యాంపుల పడ్డ. ఆడోళ్లు మొగోళ్లు అందరు బస్తాలల్ల ఇసుక నింపుకొని వచ్చిన్రు, అందరం కలిసి బుంగ మూసినం. అన్నీ అయినంక ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకొని, "ఏవండీ లష్కరు గారూ, ఎంత పరిగెత్తుకొచ్చారండీ మీరు!" అన్నడు.

గప్పుడు తెలివికొచ్చింది. ఒట్టు! ఇంకోటి కూడ తెలిసింది, మోకాలు నొస్తలేదు. ఒకదానికి సంతోషపడాల్నో, ఒకదానికి భయపడాల్నో తెల్వక బురద గట్టు మీద కూలబడ్డ. ఇంటికి పోయి ముందుగాల మా ఆమె తల దిక్కు చూసిన. మంచిగనే ఉన్నది. "ఏందయ్యా, గట్ల చూస్తున్నవ్?" అన్నది. "ఏం లేదు" అన్న. పిరికోన్ని, చెప్పలే.

ఆ దినం కెల్లి నాకు నిమ్మళం లేదు. ఆమె తుమ్మితే నా గుండె జారేది. తల నొస్తుందంటె చాలు, రిక్షాల కూసోబెట్టి దవాఖానకు తీసుకపోయేది. మూడోసారి పోయినప్పుడు డాక్టరు నన్నే తిట్టిండు. "పొద్దంత తంబాకు ముంగట కూసున్న మనిషి తుమ్మకుంట ఎట్ల ఉంటదయ్యా, నీకేమన్న పిచ్చా?" అన్నడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూసున్నది. ఏడుస్తుందేమోనని నేనింకా బుగులు పడ్డ.

నాకు ధైర్యం ఇచ్చింది ఒక్క మూడో మైలురాయే. గండి పడబోయిన ఆ వారంలనే, ఎవలో ఆ రాయికి పసుపు పూసి, దాని నెత్తి మీద గుండ్రటి చిన్న రాయి ఒకటి పెట్టిపోయిన్రు. ఎవలిదో మొక్కు అనుకున్న. నాకైతే దేవుడే తొవ్వల ఎదురొచ్చినట్టయింది. దినాం ఆడ చెప్పులు ఇడిసి దండం పెట్టేది. "తల్లీ, తప్పు నాది. దాని తలకు ఏం కానియ్యకు. ఏమన్న చేసేదుంటె నా మోకాలునే చెయ్యి" అని మొక్కేది. చుట్టుముట్టు గడ్డి పీకేది, బంతిపువ్వు దొరికితే పెట్టేది. వానకు పసుపు పోతే మా ఇంట్ల పసుపే కాగితంల కట్టుకపోయి మళ్ల పూసేది. గా తల్లి పేరేందో తెల్వదు గానీ, మూడేండ్లు నా మొర వినుకుంట ఊకున్నది.

గిదీ సంగతి. ఇగ డ్రిల్లు సార్ వచ్చిపోయిన నాడు ఇంటికి పోయి, కాళ్లు కడుక్కొని, మా ఆమె ముంగట కూసున్న. తొవ్వపొంటి ఒక ఉపాయం ఆలోచించుకొని వచ్చిన.

"ఒక ముచ్చట. నేను ఉరకననే కదా ఒట్టు పెట్టింది?"

"అవు."

"పరిగెత్తననైతే పెట్టలే కదా?"

బీడీ దారం తెంపి నా దిక్కు చూసింది. "పరిగెత్తుడంటె ఏంది?"

"క్యాంపోళ్లు అంటరు కదా. ఉరుకుడు వేరే, పరుగు వేరే. డ్రిల్లు సార్ పెట్టేది పరుగు పందెం." ఎన్ని మైళ్లో, ఎక్కడికెల్లి ఎక్కడికో అంత చెప్పిన.

"క్యాంపోళ్ల కాళ్లు కిరాయికి తెచ్చుకుంటవా?" అన్నది. "కాళ్లు నీయే కదా. ఉరికితే ఇరిగే మోకాలు పరిగెత్తితే ఇరుగదా?" ఆమె ఇంకో ఆకు తీసుకున్నది. "పో, పోయి పహిల్వాన్ సాబ్‌ను అడుగు. ఆయనేమంటడో వచ్చి చెప్పు."

పహిల్వాన్ సాబ్ ముసలోడయిండు, కండ్లు సరిగ కనవడుతలేవు. "కౌన్?" అన్నడు. "నేనే సాబ్, చెరుకు గడ" అన్న. నన్ను ఆయన ఎప్పటికి గా పేరుతోనే యాది పెట్టుకున్నడు. అరుగు మీద కూసోబెట్టి మోకాలు పిసికిండు. లేవుమన్నడు, కూసోమన్నడు. చెవి దగ్గర పెట్టి మోకాలు చప్పుడు విన్నడు. పదహారేండ్ల కింద తను కట్టు కట్టిన కాడ వేలు పెట్టి, గడ్డం దువ్వుకున్నడు.

"ఇరవై మైళ్ల దాక నాది జిమ్మేదారి, పూచీ నాది" అన్నడు.

"పందెం ఇరవై ఆరు సాబ్. మిగిలిన ఆరు?"

"అవి నీ బీవీ జిమ్మేదారి. కట్టు కట్టింది నేను, బేటా. మూడు నెలలు మోసింది ఎవలు?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ ముసలాయనకు ఉన్న తెలివి నాకు లేకపాయె. మూడేండ్ల సంది ఆమె తల మీద కీడు పెట్టి, నోరు మూసుకొని, ఇప్పుడు మాటలు తిప్పి ఇంకోసారి ఒట్టు తప్పుదమని చూస్తున్న. సిగ్గయింది. పందెం పోతే పోనీ, ఈ సంగతి మాత్రం ఇగ దాయద్దు అనుకున్న.

మరునాడే అంగడి. పొద్దుగాల చాయ్ ముట్టకుంటనే చెప్పేసిన. బుంగ సంగతి, రెండు మైళ్లు ఉరికిన సంగతి, దవాఖాన ఎందుకు తిప్పిన్నో ఆ సంగతి. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిన. "నీకేమన్నయితే నేనెట్ల బతకాలె?" అని చిన్నపోరని తీరు ఏడ్చిన. మా ఆమె అంత విని, నెమ్మదిగ చాయ్ గిలాస నా చేతిల పెట్టింది.

"నాకు ఎరుకే" అన్నది.

"ఎప్పటి సంది?"

"గా దినమే. నేను బీడీలు అప్పజెప్పెటందుకు పోతే, ఆడోళ్లందరు గదే ముచ్చట. నీ మొగడు గట్టు మీద లేడి లెక్క ఉరుకుతుండే అని. నువ్వు ఇంటికి రాకముందుకే ఎరుకైంది."

"మరి ఒట్టు?"

"తీసి గట్టు మీద పెట్టిన."

నవ్వులాటకు అంటుందనుకున్న. కాదు. "తెల్లారి నువ్వు అటు పోయినంక నేను గట్టు మీదికి పోయిన" అన్నది. "చేత్తోని ఉత్తగనే తీసినట్టు చేస్తే పోతదా? గట్టు మీద పెట్టిన అంటె గట్టు మీదనే పెట్టాలె కదా. లష్కర్ పెండ్లాన్ని, నాకు గట్టుకు ఏం తక్కువ? ఒక రాయి తీసుకొని తల చుట్టు మూడుసార్లు తిప్పి, పసుపు పూసి, మూడో మైలురాయి మీద పెట్టి వచ్చిన. నువ్వు దినాం పోయే తొవ్వనే కదా, కనవడలేదా?"

కనవడకపోవుడేంది! మూడేండ్ల సంది నేను చెప్పులు ఇడిసి దండం పెట్టింది నా ఒట్టుకే. బంతిపూలు పెట్టింది దానికే. పసుపు కొత్తగ పూసింది దానికే. చెప్పాల్నా వద్దా అని ఒక్క నిమిషం ఆలోచించిన గానీ, ఇగ దాచుడు వద్దనుకున్న కదా, చెప్పిన. మా ఆమె చాట పక్కకు నూకి, గోడకు ఒరిగి, కడుపు పట్టుకొని నవ్వింది. "అందుకేనా ఇంట్ల పసుపు జల్దీ అయిపోతుండె!" అనుకుంట నవ్వింది. తునికాకు ఇల్లంత చెదిరిపోయింది.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్న, జర కోపంగనే.

"నువ్వు చెప్తవేమోనని చూసిన. నువ్వేమో తుమ్మితే రిక్షా తెస్తివి. తల నొస్తదంటె బీడీ చాట గుంజుకొని పండుమంటివి. లగ్గమైన కాడికెల్లి నన్ను గంత మంచిగ ఎన్నడన్న చూసినవా? ఎందుకు చెడగొట్టుకోవాలె అని ఊకున్న." గప్పుడు నాకు యాదికొచ్చింది, దవాఖానల కొంగు అడ్డం పెట్టుకున్నది ఏడ్చెటందుకు కాదు.

నవ్వు ఆగినంక నా మోకాలు మీద చెయ్యేసింది. "పో, పేరు రాయించు. నువ్వు ఉరుకుడు నేను ఒక్కసారి కూడ చూడలే, మందే చెప్పవట్టిరి. గానీ ఒక్క మాట. మోకాలు ఆగుమన్న కాడ ఆగాలె. పక్కోన్ని చూసి ఉరకద్దు."

"ఒట్టు పెట్టనా?"

"అయ్యో, వద్దు. నీ ఒట్లతోని నాకే ఫికర్. ఊకె సరే అను."

"సరే" అన్న. అంగడిల డ్రిల్లు సార్ దొరికిండు, నోటుబుక్కు తీసిండు. పాత దెబ్బలేమన్న ఉన్నయా అని అడిగిండు. "రెండున్నయి సార్. రెండూ పహిల్వాన్ సాబ్‌కు ఎరుకే, మా ఆమెకూ ఎరుకే. రాసుకోండ్రి" అన్న.

పందెం నాడు చలిల, రబ్బరు బూట్లు ఏసుకొని వచ్చిన పోరగాళ్ల నడుమ నిలబడ్డ. వాళ్లు మొదటి మైలుకే దూరమైన్రు. నాకు ఏం బాధ కాలే. క్యాంపు కాడ పెద్దాయన ఎదురొచ్చి "పరిగెత్తండి లష్కరు గారూ!" అని చప్పట్లు కొట్టిండు. "ఉరుకుతున్ననండీ!" అన్న. ఎన్నేండ్లకో ఉరుకుతున్న, ఎవ్వరి భయం లేకుంట, దొంగతనం లేకుంట. పదమూడో రాయి ముట్టి తిరిగినప్పుడు ఎందుకో తెల్వదు, ఒక్కన్నే నవ్వుకున్న. ఇరవై దాటినంక పహిల్వాన్ సాబ్ మాట నిలబడ్డది, మోకాలు సణుగుడు షురూ చేసింది. ఇరవై మూడు అయ్యేసరికి మొత్తుకున్నది. అంటె వచ్చేటప్పుడు మూడో రాయి కాడనే.

ఆడ మా ఆమె కూసున్నది. పసుపు రాయి పక్కకు, చెంబుల నీళ్లు పెట్టుకొని.

"ఆగుమంటుంది" అన్న.

"అయితే ఆగు" అన్నది. ఆగిన. నీళ్లు తాగిన. కండ్లల్ల నీళ్లు తిరిగినయి నాకు. "ఇంకా మూడే ఉండె" అన్న.

"ఉంటె ఉండనీ. ఉరకద్దన్న గానీ, నడువద్దన్ననా?" అని లేచి, చీర దులుపుకొని, నా చెయ్యి తీసి తన భుజం మీద ఏసుకున్నది. గా మూడు నెలలు ఏసుకున్నట్టే ఏసుకున్నది.

మూడు మైళ్లు గట్లనే నడిసినం. వంతెన కాడికి పోయేసరికి అందరు పోయిన్రు, డ్రిల్లు సార్ ఒక్కడే నోటుబుక్కు పట్టుకొని నిలబడ్డడు. "ఆఖరు పేరు నీదేనన్నా" అన్నడు.

"రెండు పేర్లు రాయండ్రి సార్" అన్న.

మా ఆమె కొంగుతోని మొఖం తుడుసుకున్నది. "నాది వద్దు సార్. నేను ఉరకలే, మోసిన గంతే" అన్నది.